మీ పేరు రాసుకున్నాం

కొత్త గ్రాఫిక్స్ కార్డును విడుదలైన మొదటి వారంలోనే కొనేవాడు, కంపెనీ చేయాల్సిన పరీక్షను తన డబ్బుతో చేసిపెడుతున్నాడని మా మేనల్లుడు అంటాడు. వాడి మాట నాకూ సబబుగానే తోస్తుంది.

2013 అక్టోబరులో ఏఎండీ వాళ్ల ఆర్9 290ఎక్స్ వచ్చినప్పుడు నేను దగ్గరుండి చూశాను. చిప్పుకి వంక పెట్టడానికి లేదు. దాని మీద బిగించిన కూలరే సరిపోలేదు. ఉన్నది ఒక్క ఫ్యాను. 95 డిగ్రీల వేడిలో నడవడం దీనికి మామూలేనని కంపెనీయే చెప్పుకుంది. పని ఎక్కువైతే ఆ ఫ్యాను చప్పుడు పక్క గదిలోకి వినిపించేది. డిసెంబరు, జనవరి నెలల్లో సఫైర్, ఎంఎస్‌ఐ, గిగాబైట్, ఆసుస్ అదే చిప్పు మీద తమ సొంత కూలర్లు బిగించి అమ్మడం మొదలుపెట్టాయి. అప్పుడు చూస్తే అదే చిప్పు, ఎంత నిశ్శబ్దంగా, ఎంత చల్లగా నడిచిందో! అయితే ఈలోగా అమెరికాలో లైట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేలను గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు కట్టించి సంపాదించే మైనింగువాళ్లు ఎగబడి ఆ కార్డుల ధర ఎక్కించేశారు. ఆగినవాళ్లలో కొందరికి అది దక్కలేదు.

తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. చిప్పు ఎన్విడియాదో, ఏఎండీదో అవుతుంది. దాన్ని బోర్డు మీద కూర్చోబెట్టడం, కరెంటు అందించే భాగాలు ఎంచుకోవడం, రాగి గొట్టాలు, అల్యూమినియం రెక్కలు, ఫ్యాన్లు బిగించి పెట్టెలో పెట్టడం వేరే కంపెనీల పని. చిప్పు తయారుచేసినవాళ్లు ఇచ్చిన నమూనాను పక్కనపెట్టి సొంతంగా బోర్డు, కూలరు తయారుచేస్తే దాన్ని కస్టమ్ కార్డు అంటారు. వేగంలో పెద్ద తేడా ఉండదు. వేడిలో, చప్పుడులో, ఎన్నేళ్లు మన్నుతుందన్న దాంట్లో తేడా కనిపిస్తుంది. రోజంతా దాని పక్కనే కూర్చుని పనిచేసుకునేవాడికి ఈ మూడూ ముఖ్యమే.

మా వాడు అలా కూర్చుని పనిచేసేవాడే. వాడు మా అక్క కొడుకు. మల్కాజిగిరిలో రెండు గదుల ఫ్లాటు. కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్లకు త్రీడీ వాక్‌త్రూలు చేసిపెడతాడు. ఇంకా పునాది కూడా పడని భవనంలో, పదిహేడో అంతస్తు బాల్కనీలో, కాఫీ కప్పు అంచు మీద పొద్దుటి ఎండ ఎలా మెరుస్తుందో చూపించాలి. ఆ మెరుపు చూసే జనం లక్షలు అడ్వాన్సు కడతారు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేరులో ఆ ఎండను లెక్కగట్టేది గ్రాఫిక్స్ కార్డే. వాడి దగ్గరున్నది జీటీఎక్స్ 1060, 6 జీబీ మెమరీది. ఒక్కో ఫ్రేము తయారుచేయడానికి, అంటే రెండరింగుకి, దాదాపు పది నిమిషాలు తీసుకునేది. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన అర నిమిషం వీడియోకి 750 ఫ్రేములు. అంటే అయిదు రోజులకు పైగా కంప్యూటరు ఆపకుండా నడవాలి. నాలుగో రోజు కరెంటు పోతే వాడి ముఖం చూడలేకపోయేవాళ్లం.

2020 అందరికీ గుర్తే. మా అక్క స్కూలు టీచరు. బడులు మూతపడి ఆన్‌లైన్ క్లాసులు వచ్చాయి. ఇంట్లో నెట్ సిగ్నల్ సరిగ్గా అందేది ఆ ఒక్క గదిలోనే కాబట్టి, వీడు రెండరింగు పెట్టిన బల్లకు ఇవతలే ఆవిడ పాఠం చెప్పేది. ఒకరోజు రెండో తరగతి పిల్లాడు మైకులో, "టీచర్, మీ ఇంట్లో మిక్సీ ఆపమనండి" అన్నాడు. ఆ రోజు నుంచి వీడు పగలు రెండరింగు మానేశాడు. రాత్రి పదింటికి మొదలుపెట్టి, ఆవిడ క్లాసు వేళకు ఆపేసేవాడు. పనికి పట్టే రోజులు రెట్టింపయ్యాయి.

సెప్టెంబరు 1న ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ తన వంటింట్లో నిలబడి ఆర్‌టీఎక్స్ 3080ని ప్రపంచానికి చూపించాడు. 8,704 కోర్లు, 10 జీబీ మెమరీ, ధర 699 డాలర్లు. మన దేశంలో 71,000 రూపాయల నుంచి మొదలన్నారు. మా వాడు లెక్క వేసుకున్నాడు. రాత్రికి మొదలుపెట్టిన పని తెల్లారేసరికి అయిపోవచ్చు, వాళ్లమ్మ క్లాసుకి అడ్డు ఉండదు. ఆ కార్డుకి 750 వాట్ల కరెంటు సరఫరా కావాలని కంపెనీ చెప్పడంతో ముందుగానే కొత్త ఎస్‌ఎంపీఎస్ కొని బల్ల కింద పెట్టుకున్నాడు.

17వ తేదీన అమ్మకాలు మొదలయ్యాయి. కొద్ది నిమిషాల్లోనే సరుకు మొత్తం ఊడ్చుకుపోయింది. ఎన్విడియా కొనుగోలుదారులకు క్షమాపణ చెప్పుకుంది. ఆ వారంలోనే ఇంకో గొడవ బయటపడింది. కస్టమ్ కార్డుల్లో కొన్ని, వేగం రెండు గిగాహెర్ట్జ్ చేరుకోగానే ఆట మధ్యలో చచ్చిపడుతున్నాయి. కార్డును తిరగేస్తే చిప్పుకి సరిగ్గా అడుగున ఆరు చోట్ల కెపాసిటర్లు ఉంటాయి. ఒక్కోచోట ఒక పెద్దది పెట్టొచ్చు, లేదా పది చిన్నవి పేర్చొచ్చు. ఆరూ పెద్దవే పెడితే నిజమైన వాడకంలో నిలవడం లేదని, అందుకే తాము నాలుగు పెద్దవి, ఇరవై చిన్నవి పెడుతున్నామని ఈవీజీఏ కంపెనీ బాహాటంగా చెప్పింది. 28వ తేదీన ఎన్విడియా కొత్త డ్రైవరు విడుదల చేశాక ఆ కూలబడడం చాలావరకు సర్దుకుంది. కానీ మా వాడికి మనసు ఒప్పలేదు. ఫోటోలు పెద్దవి చేసుకుని ఒక్కో కార్డు వీపు మీద ఆ నల్ల చదరాలు లెక్కపెడుతూ కూర్చునేవాడు. చివరికి ఒక మోడల్ తేల్చాడు. మూడు ఫ్యాన్లు, దిట్టమైన బోర్డు, పక్కన చిన్న స్విచ్చు. అటు నొక్కితే వేగం, ఇటు నొక్కితే నిశ్శబ్దం. ఇంకా మార్కెట్లోకి రాలేదు.

"ఇదే కావాలి మామయ్యా. నెల ఆలస్యమైనా పరవాలేదు. అయిదేళ్లు పనిచేయాలి కదా," అన్నాడు.

ఇలా ఆగేవాళ్లను చూసి చాదస్తం అనేవాళ్లున్నారు. నేనలా అనుకోను. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో, పదిమంది తీసుకున్నదే కదా అని గుడ్డిగా తీసుకోకుండా, వెనక్కి తిప్పి చూసి కొనేవాడి మీద నాకు గౌరవం.

అక్టోబరు మొదట్లో ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లాం. చెనాయ్ ట్రేడ్ సెంటరు చుట్టుపక్కల కంప్యూటరు సామానుకి కొదవలేదు. మాస్కులు కట్టుకున్న జనంతో మళ్లీ కళకళలాడుతోంది. ఎప్పుడూ కొనే షాపు కాదు గానీ, వాడి స్నేహితులెవరో మంచివాళ్లని చెబితే ఒక షాపులో అడిగాం. యజమాని నలభై దాటినవాడు, మెత్తగా మాట్లాడతాడు.

"ఆ మోడల్ వస్తది భాయ్. కానీ సిటీకి వచ్చేదే కొన్ని. డిస్ట్రిబ్యూటరు మనిషికి ఒక్కటే అంటున్నడు. మైనింగోళ్లకి పోవద్దని. కస్టమరు పేరు, నంబరు ముందే పంపాలె. బిల్లు గూడ ఆ పేరు మీదనే కొట్టాలె."

మంచి పద్ధతే అనిపించింది. మా వాడు పది వేలు అడ్వాన్సు కట్టి, ఆధార్ జిరాక్స్ ఇచ్చాడు. కౌంటరు దగ్గర కుర్రాడు పొడుగాటి రిజిస్టరు తెరిచి పేరు రాసుకున్నాడు. ఫోను నంబరు ఒక్కో అంకె పైకి చదివి, సరేనా అని అడిగి, కింద గీత గీశాడు. జాబితాలో వీడిది నాలుగో పేరు.

"మీ పేరు రాసుకున్నాం. రాంగనె మొదటి ఫోను మీకే," అన్నాడు యజమాని.

ఇక ఎదురుచూపు. కంటెయినరు చెన్నై రేవులో ఆగిందన్నారు. తరవాత కస్టమ్స్‌లో ఉందన్నారు. దీపావళి వెళ్లాక రెండు వచ్చాయి గానీ ముందున్నవాళ్లకు పోయాయన్నారు. అన్నీ నమ్మదగిన మాటలే. ప్రపంచంలో ఎక్కడా ఆ కార్డు దొరకడం లేదు. పైగా మైనింగువాళ్లు సంపాదించే ఎథీరియం అనే నాణెం ధర పాకుతోంది. సెప్టెంబరు చివర 360 డాలర్ల దగ్గరున్నది జనవరికల్లా వెయ్యి దాటింది. ఒక 3080 కార్డు సెకనుకి పది కోట్ల హ్యాష్‌ల (మైనింగు లెక్కల) దాకా లాగేది. దాన్ని రాత్రింబవళ్లు నడిపితే పెట్టిన డబ్బు కొద్ది నెలల్లో తిరిగొచ్చే రోజులవి. డెబ్బై వేల కార్డుకి లక్ష పైన ఇచ్చేవాళ్లు పుట్టుకొచ్చారు. మా వాడు వారానికోసారి షాపుకి ఫోన్ చేసేవాడు. వాళ్లు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. సంక్రాంతికి మా అక్క చేసిన అరిసెలు డబ్బాలో పెట్టుకెళ్లి యజమానికిచ్చి వచ్చాడు కూడా.

పండగ వెళ్లిన రెండు వారాలకు ఆయనే రమ్మని కబురు పెట్టాడు. కార్డు వచ్చిందనుకుని ఖాళీ సంచీతో వెళ్లాం. ఆయన ఇరానీ చాయ్ తెప్పించి, పది వేలూ లెక్కపెట్టి బల్ల మీద ఉంచాడు.

"కంపెనీయే పంపుతలేదు భాయ్. ఎప్పుడొస్తదో తెల్వదు. మీ పైసలు నా దగ్గర పెట్టుకొని కూసునుడు నాకు మంచిగ అనిపిస్తలేదు."

డ్రాయరులోంచి ఆధార్ జిరాక్స్ కూడా తీసి ఇచ్చేశాడు. "మీ కాగితం మా దగ్గరెందుకు," అన్నాడు. ఆ నిజాయితీకి మా వాడి కళ్లు చెమర్చినంత పనయింది. అక్కడే ఒక కీబోర్డు, పదహారు జీబీ ర్యామూ కొన్నాడు. ఇంటికి వచ్చి చెబితే అక్క, "ఈ కాలంలో ఇలాంటి వ్యాపారస్తులు ఉన్నారంటే గొప్పేరా," అంది. ఆ తరవాత వీడు తన స్నేహితులను ఎంతమందిని ఆ షాపుకి పంపాడో.

ఆ ఏడాది వాడికి బాధాకరంగా గడిచింది. ఒక విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియో వాళ్లు వాడి వాక్‌త్రూలు చూసి పిలిచారు. సినిమా పని. ఇంటి దగ్గరే చేసి పంపొచ్చు, నచ్చితే ఉద్యోగమే. నమూనా సీను ఒకటి పంపారు. పాత గుడి, మండపం, ధూళిలో పడే వెలుగు. దాన్ని తెరిచి రెండర్ నొక్కగానే మెమరీ చాలలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆరు జీబీల్లో ఆ గుడి పట్టలేదు. స్తంభాల శిల్పం తగ్గించి, రాళ్ల మీద నునుపు తగ్గించి ఎలాగో పట్టించాడు. పంపినదాన్ని చూసి వాళ్లు మర్యాదగానే వద్దన్నారు. వివరం చాలలేదట. తీసేసిన శిల్పాలన్నీ నాకు మొదటి ఫైలులో చూపించాడు, ఒక్కొక్కటి దగ్గరికి జరిపి. వాడు నోరెత్తి ఏమీ అనలేదు. నాకే కడుపులో దేవినట్టయింది.

మే నెలలో ఎన్విడియా కొత్తగా తయారయ్యే కార్డుల్లో మైనింగు వేగాన్ని సగానికి తగ్గించింది. దాంతో అంతకుముందు అమ్ముడైన కార్డులకు గిరాకీ ఇంకా పెరిగింది. బల్ల కింద ఎస్‌ఎంపీఎస్ పెట్టె విప్పకుండానే ఉండిపోయింది. దాని వారంటీ మాత్రం కరిగిపోతోంది.

ఆ రోజుల్లో ఓటీపీ మోసాలు ఎక్కువయ్యాయి. అక్క వాళ్ల కింది ఫ్లాటు పెద్దాయన, బ్యాంకు నుంచని ఎవరో అడిగితే అంకెలు చెప్పి నలభై వేలు పోగొట్టుకున్నాడు. ఆ తరవాత మా అక్క ఇంట్లో అందరికీ రోజూ జాగ్రత్తలు చెప్పేది. ఆగస్టులో ఒకరోజు నేను వాళ్లింట్లో ఉండగా మా వాడికీ అలాంటి ఫోనే వచ్చింది. కార్డు గురించట. ఇప్పుడే వచ్చిన ఓటీపీ కాస్త చెప్పమని ఎవరో కుర్రాడు బతిమాలుతున్నాడు. "నా దగ్గర ఏ కార్డూ లేదు. ఇంకోసారి చేశావంటే పోలీసులకి పట్టిస్తా," అని వీడు నాలుగు దులిపి పెట్టేశాడు. అక్క సంతోషించింది. తరవాత భోజనాల దగ్గర కింది పెద్దాయన గురించే మాట్లాడుకున్నాం.

2022 సెప్టెంబరు 15న ఎథీరియం పద్ధతి మార్చుకుంది. లెక్కలు చేసి నాణేలు సంపాదించే విధానం తీసేశారు. గ్రాఫిక్స్ కార్డులకు ఆ పని ఒక్కరోజులో లేకుండాపోయింది. మర్నాడే ఈవీజీఏ గ్రాఫిక్స్ కార్డుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇనుప స్టాండుల మీద నెలల తరబడి ఉడికిన కార్డులన్నీ సెకండ్‌హ్యాండులోకి వచ్చిపడ్డాయి. లక్ష పలికినవి నలభై వేలకు దిగాయి. మైనింగుకి వాడిన కార్డంటే జనం భయపడతారు. నిజానికి చిప్పు అంత తేలిగ్గా చెడదు. మెమరీ మీది థర్మల్ ప్యాడ్లు ఎండిపోతాయి, ఫ్యాన్ల బేరింగులు అరుగుతాయి. ఆ రెండూ బాగుచేసుకోవచ్చు. మా వాడికి ఇదంతా తెలుసు. అదే మోడల్ దొరికితే చాలన్నాడు.

మా ఆఫీసులో ఒకతని స్నేహితుడి దగ్గర ఉందని తెలిసింది. నేనే ఫోన్ చేసి మాట్లాడాను. దసరా వెళ్లాక ఒక ఆదివారం కూకట్‌పల్లి వెళ్లాం. అబ్బాయి సాఫ్ట్‌వేరు ఉద్యోగి, మర్యాదస్తుడు. కార్డులు నడిపిన గది చూపించాడు. గోడకి పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను, వరసగా లావాటి ప్లగ్గులు, స్టాండు ఉన్నచోట సున్నం పసుపెక్కి ఉంది. మంచం మీద పెట్టెలు పేర్చి ఉన్నాయి. మా వాడు అడిగిన పెట్టె తెరిచి కార్డు పైకి తీశాడు.

మా వాడు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. తిప్పి వెనక కెపాసిటర్లు చూశాడు. పక్కనున్న చిన్న స్విచ్చును వేలితో అటూ ఇటూ జరిపి చూశాడు. కంప్యూటరుకి తగిలించి అరగంట నడిపించాం. బాగానే ఉంది గానీ మధ్య ఫ్యాను సన్నగా గరగరమంటోంది. ధర నలభై రెండు వేలు.

"వారంటీ ఏమన్నా ఉందా బాబూ?" అన్నాను.

"ఉందండీ, 2024 జనవరి దాకా. కానీ ఉండీ లాభం లేదు అంకుల్. దాచడం ఎందుకు, చెప్పేస్తాను. ఇది పార్క్‌లేన్‌లో లక్షా పది వేలకి తీసుకున్నాను. బిల్లు మాత్రం డెబ్బై ఎనిమిది వేల చిల్లరకే ఉంది, అదీ వేరే ఎవరి పేరు మీదో. బుక్ చేసుకున్నాయన వద్దనేశాడు, అందుకే మీకిస్తున్నాం అన్నారు షాపువాళ్లు."

మా వాడు ఫోను లైటు వేసుకుని, తల వంచి, రెక్కల మధ్య దుమ్ము చూస్తున్నాడు. వింటున్నట్టు లేదు.

"పోయినేడాది ఈ మధ్య ఫ్యాను ఆగిపోతే సర్వీసు సెంటరుకి తీసుకెళ్లానండీ. బిల్లు మీదున్న నంబరుకే ఓటీపీ వెళ్తుందన్నారు. ఆయనకి ఫోన్ చేసి బతిమాలాను. నా దగ్గర ఏ కార్డూ లేదని తిట్టి పెట్టేశాడు. చేసేది లేక బయట ఫ్యాను వేయించాను. ఆయన ఒక్కమాట సాయం చేస్తే ఇప్పటికైనా కొత్త ఫ్యాను ఫ్రీగా వేస్తారు. మీరు పెద్దవారు, మీరడిగితే వింటాడేమో అంకుల్. కలిపిస్తాను, మాట్లాడండి."

పెట్టె అడుగునుంచి నాలుగు మడతల బిల్లు తీసి, ఒక్కో అంకె చూసి నొక్కి, స్పీకరు పెట్టి ఫోను నా చేతికిచ్చాడు.

మా వాడి చేతిలో, కార్డు మీద లైటు పడుతుండగానే, ఫోను మోగింది.